నాన్నగారి మాట కోసం ఆక్యుపంక్చర్ చేయించాలా?

ప్రశ్న: మేడమ్, మాది నిడదవోలు. మా నాన్నగారికి 62 ఏళ్లు. ఎరువుల కొట్టు నడిపేవారు. నాలుగు నెలల క్రితం పక్షవాతం వచ్చింది. మెదడులో ఎడమవైపు రక్తం గడ్డకట్టిందని చెప్పారు. కాలు చాలావరకు తేరుకుంది, కుడి చెయ్యి ఇంకా బలహీనంగానే ఉంది. మాట మాత్రం పడిపోయింది. మేం చెప్పేది అర్థమవుతుంది కానీ ఏం చెప్పబోయినా “అదే... అదే...” అనే వస్తుంది. కోపం వచ్చినప్పుడు మాత్రం ఒక తిట్టు స్పష్టంగా పలుకుతారు. వయసులో ఉండగా ఖరగ్‌పూర్‌లో పనిచేశారు, ఒక్కోసారి హిందీ ముక్క ఒకటి వస్తుంది. రెండు నెలలుగా వారానికి రెండుసార్లు రాజమండ్రి తీసుకెళ్లి స్పీచ్ థెరపీ చేయిస్తున్నాం. 45 నిమిషాలు చేస్తారు, సిట్టింగుకి 500 రూపాయలు. పెద్దగా మార్పు కనిపించడం లేదు. మా పిన్నిగారి బంధువు ఒకాయనకి ఆక్యుపంక్చర్‌తో నెల రోజుల్లో మాట వచ్చిందట. ఆ సెంటర్‌లో అడిగితే 20 సిట్టింగులు కావాలి, ఒక్కోటి 600 అన్నారు. అన్నాళ్లూ స్పీచ్ థెరపీ ఆపేయాలి, రెండూ కలిపితే పనిచేయదు, బీపీ మాత్రలు కూడా మెల్లగా తగ్గించుకోవచ్చు అన్నారు. అమ్మ చేయిద్దామంటోంది. తమ్ముడు అదంతా మోసం అంటున్నాడు. ఇంట్లో రోజూ ఇదే గొడవ. రెండింటికీ డబ్బు సరిపోదు. రక్తం పలచబడే మాత్రలు కూడా వాడుతున్నారు. మా అత్తయ్య వస కొమ్ము తేనెలో అరగదీసి ఆయన నాలుకకు రాస్తున్నారు. రాయొచ్చా? ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, ఆక్యుపంక్చర్ సంగతికి వస్తాను. దానికన్నా ముందు మాత్రల విషయం. బీపీ మాత్రలు గానీ, రక్తం పలచబడే మాత్రలు గానీ ఎవరు చెప్పినా తగ్గించకండి. ఒకసారి స్ట్రోక్ వచ్చినవాళ్లకి మళ్లీ వచ్చే ప్రమాదం మామూలు మనిషి కంటే చాలా ఎక్కువ. దాన్ని ఆపుతున్నవి ఆ మాత్రలే. మోతాదు మార్చాలంటే ఆయన్ని చూస్తున్న న్యూరాలజిస్టో ఫిజీషియనో మార్చాలి, ఇంకెవరూ కాదు. మాత్రలు తగ్గించమని, స్పీచ్ థెరపీ ఆపమని చెప్పిన ఆ సెంటర్‌కి మాత్రం వెళ్లకండి. ఆక్యుపంక్చర్ చేయించాలనే నిర్ణయానికి వచ్చినా, అక్కడ వద్దు.

ఇక నాన్నగారి ఇబ్బంది గురించి. మీరు రాసినదాన్ని బట్టి ఇది అఫేసియా, అంటే మెదడు దెబ్బతినడం వల్ల భాష పోవడం, అందులోనూ బ్రోకా రకంలా ఉంది. మనిషిని చూడకుండా ఖాయంగా చెప్పడం తప్పు. మీ థెరపిస్ట్ రిపోర్టులో రాసే ఉంటారు, ఒకసారి చూడండి. నేను అనుకున్నదే అయితే ఆయన నాలుకలో లోపం లేదు, గొంతులో లోపం లేదు, తెలివి ఎక్కడికీ పోలేదు. ఏం చెప్పాలో ఆయనకు తెలుసు. ఆ ఆలోచనను మాటగా కూర్చి నోటికి అందించే పని మెదడు ఎడమవైపు ముందు భాగంలో జరుగుతుంది. దెబ్బ తగిలింది అక్కడ. స్ట్రోక్ వచ్చినవాళ్లలో దాదాపు ముగ్గురిలో ఒకరికి ఏదో ఒక స్థాయిలో అఫేసియా ఉంటుంది. మాట ముద్దముద్దగా రావడం వేరే సంగతి. అది కండరాల బలహీనత, దానికి చేసే వ్యాయామాలు వేరు. ఈ రెండు ఇబ్బందులున్న వాళ్లను చూసి జనం “ఇద్దరికీ మాట పడిపోయింది” అనే అంటారు కాబట్టి ఒకరికి పనిచేసింది ఇంకొకరికి పనిచేయాలని లేదు. మీ పిన్నిగారి బంధువుకు ఏ రకం ఇబ్బంది ఉండేదో మనకు తెలియదు.

“అదే అదే” గురించి, ఆ తిట్టు గురించి మీరు రాసింది చదవగానే నాకు 1861 నాటి పారిస్ గుర్తొచ్చింది. అక్కడి బిసెట్ర్ ఆసుపత్రిలో లెబోర్న్య్ అనే రోగి ఉండేవాడు. ఎదుటివాళ్లు చెప్పేది అర్థమయ్యేది, కానీ ఏం అడిగినా “టాన్, టాన్” అనేవాడు. కోపం వస్తే మాత్రం ఒక తిట్టు పూర్తిగా నోటి నుంచి వచ్చేది. అతను చనిపోయాక పాల్ బ్రోకా అనే డాక్టరు మెదడును పరీక్షించి ఎడమవైపు ముందు భాగం దెబ్బతిన్నట్టు చూపించాడు. ఆ భాగానికి ఆయన పేరే ఉండిపోయింది. తిట్లు, ఎక్కాలు, వారాల పేర్లు, చిన్నప్పుడు బట్టీ పట్టిన పద్యాలు, పాటలు... ఇలా ఆలోచించకుండా దొర్లిపోయేవి చాలామందిలో మిగిలి ఉంటాయి. కాబట్టి ఆ తిట్టు విని అమ్మగారు బాధపడనక్కర్లేదు, ఆయన్ని కసరనక్కర్లేదు. నోరు పలకగలదనడానికి అది సాక్ష్యం. మీ థెరపిస్ట్‌కు తప్పకుండా చెప్పండి, అక్కడి నుంచి పని మొదలుపెట్టవచ్చు.

ఇప్పుడు ఆక్యుపంక్చర్. మీ తమ్ముడు అన్నట్టు అంతా మోసం అనను. చైనాలో స్ట్రోక్ తర్వాత మాట కోసం సూదులు పెట్టడం ఆసుపత్రుల్లోనే జరుగుతుంది. నెత్తి మీద మాటకు సంబంధించినవని చెప్పే చోట్ల, గడ్డం కింద, మణికట్టు దగ్గర పెడతారు. ఈ పద్ధతి మీద అక్కడ పరిశోధనలు చాలానే వచ్చాయి. కానీ చాలావాటిలో మనుషులు తక్కువ, జరిపిన తీరు బలహీనం. 2016లో, వైద్య పరిశోధనలను కలిపి తూకం వేసే కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ స్ట్రోక్ తర్వాతి పునరావాసంలో ఆక్యుపంక్చర్ మీద 31 ట్రయల్స్‌ను (రోగులను గుంపులుగా చేసి చికిత్సను పరీక్షించే అధ్యయనాలను), 2,257 మంది రోగుల వివరాలను కలిపి చూసింది. కొన్ని మంచి ఫలితాలు కనిపించినా, ఆధారాల నాణ్యత తక్కువ కాబట్టి మామూలుగా అందరికీ వాడమని చెప్పలేమని తేల్చింది.

ఆ తర్వాత 2024లో జామా నెట్‌వర్క్ ఓపెన్ అనే పత్రికలో ఒక మెరుగైన ట్రయల్ వచ్చింది. మీ నాన్నగారి లాంటి అఫేసియా ఉన్నవాళ్లే 252 మంది, చైనాలోని మూడు ఆసుపత్రులు. సగం మందికి నిజమైన ఆక్యుపంక్చర్, సగం మందికి పైకి అలాగే కనిపించే ఉత్తుత్తి ఆక్యుపంక్చర్. వారానికి ఐదుసార్లు, ఆరు వారాలు. నిజమైన సూదులు పడినవాళ్లు భాష పరీక్షల్లో ఎక్కువ మెరుగుపడ్డారు. మీ అమ్మగారి ఆశకు ఇది కొంత ఆధారమే, దాన్ని కొట్టిపారేయడం న్యాయం కాదు.

అయితే ఆ ట్రయల్‌లో రెండు గుంపుల వాళ్లకూ భాషా శిక్షణ కూడా ఇచ్చారు. అంటే అక్కడ తేలింది శిక్షణకు సూదులు తోడైతే కొంత అదనపు మేలు ఉండొచ్చని మాత్రమే. శిక్షణ మానేసి సూదులు పెడితే మాట వస్తుందని ఆ ట్రయల్ చెప్పలేదు. “రెండూ కలిపితే పనిచేయదు” అని మీకు చెప్పినవాళ్లు ఉన్న ఒక్క గట్టి ఆధారాన్నీ తలకిందులు చేశారు. ఇంకా, ఆ ట్రయల్‌లో చేరింది స్ట్రోక్ వచ్చి ఎక్కువకాలం కానివాళ్లు. సూదులు పెట్టింది అనుభవం ఉన్న ఆసుపత్రి డాక్టర్లు. పరీక్ష జరిగింది చైనా భాషలో. ఇంకో దేశంలో, ఇంకో భాషలో అదే ఫలితం వచ్చేదాకా దీన్ని రుజువైన చికిత్స అని నేను అనను. ప్రమాదం లేకుండా, అసలు చికిత్సకు అడ్డురాకుండా ఉంటే ప్రయత్నించదగినదని మాత్రం అంటాను.

నెల రోజుల్లో మాట వచ్చిన ఆ బంధువు విషయం అబద్ధం అయి ఉండదు. స్ట్రోక్ తర్వాత మొదటి మూడు నెలల్లో మెదడు తనంతట తాను వేగంగా కోలుకుంటుంది. ఆ సమయంలో ఏం చేయించినా మాట కొంత తిరిగొస్తుంది. ఏది చేయిస్తున్నామో పేరు దానికే వస్తుంది. సూదులు పెట్టిస్తే సూదులకు, నాటు మందు పోస్తే నాటు మందుకు. ఆయనకు సూదుల వల్ల ఎంత వచ్చిందో, సహజంగా ఎంత వచ్చిందో ఇప్పుడు ఎవరూ విడదీసి చెప్పలేరు.

మరి స్పీచ్ థెరపీతో మార్పు కనిపించడం లేదు కదా అంటారు. మీరు ఇచ్చిన లెక్కే చూద్దాం. వారానికి రెండు, ఒక్కోటి 45 నిమిషాలు, రెండు నెలలు. అంతా కలిపితే 12 గంటలు. నాలుగు నెలల్లో ఆయన మెదడుకు అందిన శిక్షణ అంతే. స్పీచ్ థెరపీ మీద 2016 నాటి కాక్రేన్ సమీక్ష 57 ట్రయల్స్‌ను, 3,002 మందిని చూసి థెరపీ వల్ల మేలు ఉందని, ఎక్కువ గంటలు చేస్తే మేలు ఎక్కువగా ఉండొచ్చని చెప్పింది. అన్ని గంటలు తట్టుకోలేక మధ్యలో మానేసినవాళ్లు కూడా ఉన్నారనీ చెప్పింది. 2022లో వచ్చిన రిలీజ్ అనే అంతర్జాతీయ విశ్లేషణ ప్రకారం భాష బాగా మెరుగుపడింది మొత్తం 20 నుంచి 50 గంటల థెరపీ అందినవాళ్లలో. నాన్నగారు ఆ గీత దగ్గరికి ఇంకా చేరనే లేదు. థెరపీ పనిచేయలేదని తీర్పు ఇచ్చే సమయం కాదిది.

ఆక్యుపంక్చర్‌కు మీరు పెట్టబోయేది 12,000 రూపాయలు. అదే డబ్బుతో మీ థెరపిస్ట్ దగ్గర 24 సిట్టింగులు వస్తాయి, అంటే 18 గంటలు. ఇప్పటిదాకా అయినవాటితో కలిపి 30 గంటలు. రెండింటిలో ఒకదానికే డబ్బుంటే నేను ఒక్క క్షణం కూడా ఆలోచించను, ఆ డబ్బు స్పీచ్ థెరపీకే పెట్టమంటాను. వారానికి రెండు బదులు నాలుగు సిట్టింగులు ఇవ్వగలరేమో అడగండి. ప్రయాణం భారమైతే అందులో రెండు వీడియో కాల్‌లో చేయమనండి. అఫేసియాకు ఆన్‌లైన్ థెరపీ బాగానే కుదురుతుంది, పక్కన ఇంట్లోవాళ్లు ఒకరు కూర్చుంటే చాలు.

ఆలస్యమైపోయిందన్న భయం కూడా వద్దు. జర్మనీలో 156 మందితో చేసి 2017లో ప్రచురించిన ఒక ట్రయల్ ఉంది. స్ట్రోక్ వచ్చి ఆరు నెలలు దాటినవాళ్లు, 70 ఏళ్ల లోపువాళ్లు. మూడు వారాల పాటు వారానికి కనీసం 10 గంటలు థెరపీ ఇస్తే రోజువారీ మాట్లాడడం మెరుగుపడింది. మీకింకా నాలుగు నెలలే.

వారానికి పది గంటలు థెరపిస్ట్‌తో చేయించడం మన ఇళ్లలో అందరి వల్లా అయ్యే పని కాదు. మిగతా గంటలు ఇంట్లోనే రావాలి. అమ్మగారి శ్రద్ధను నేను అటు మళ్లించమంటాను. రోజుకు రెండు విడతలు, ఒక్కోటి అరగంట. పొద్దున ఫలహారం అయ్యాక ఆయన ఓపికగా ఉన్నప్పుడు ఒకటి, సాయంత్రం ఒకటి. టీవీ కట్టేయాలి. పిల్లల పుస్తకాల్లోని యాపిల్, బంతి బొమ్మలు పెట్టకండి. ఆయన కొట్టు నడిపిన మనిషి, చిన్నపిల్లాడిలా చూస్తున్నారని చిన్నబోతారు. కొట్లో యూరియా, డీఏపీ, పొటాష్ బస్తాలను, తూకం మిషన్‌ను, బిల్లు పుస్తకాన్ని ఫోన్‌లో ఫోటో తీయండి. వాటితో పాటు ఇంట్లోవాళ్ల ముఖాలు, కాఫీ గ్లాసు, కళ్లజోడు, మంచం. మొత్తం 20 ఫోటోలు చాలు. ఒక్కో ఫోటో చూపించి “ఇదేంటి?” అని అడిగి, పది సెకన్లు నోరు మెదపకుండా ఆగండి. ఈ పది సెకన్లు ఆగడమే ఇంట్లోవాళ్లకు అన్నిటికన్నా కష్టం, వెంటనే మనమే చెప్పేస్తాం. రాకపోతే మొదటి అక్షరం అందించండి: “యూ...”. అప్పటికీ రాకపోతే వాక్యం సగంలో ఆపండి: “వరికి చల్లేది...”. ఇంకా రాకపోతే మీరు పలికి, ఆయన మీ పెదాలు చూస్తూ మీతోపాటు పలికేలా చేయండి. వచ్చినా రాకపోయినా తర్వాతి ఫోటోకి వెళ్లిపోవాలి. ఒక్కదాన్ని పట్టుకుని పది సార్లు అనిపించొద్దు.

అంకెలు కూడా కలిసి లెక్కపెట్టండి. ఒకటి, రెండు, మూడు అని మీరు మొదలుపెడితే నాలుగు దగ్గర ఆయన అందుకోవచ్చు. రాగం మీద చిన్న మాటలు పలికించే పద్ధతి ఒకటి 1973లో అమెరికాలో మొదలైంది, బ్రోకా రకం వాళ్లలో కొందరికి బాగా పనికొస్తుంది. “కాఫీ కావాలి” అన్నదాన్ని రెండు స్వరాల్లో సాగదీసి పాడుతూ, ఆయన ఎడమ చేతిని పట్టుకుని అక్షరానికొక దెబ్బ బల్ల మీద వేయించాలి. ఇది మీ థెరపిస్ట్ దగ్గర ఒకసారి చూసి నేర్చుకోండి, కాగితం మీద చెప్తే కుదరదు.

మిగతా రోజంతా ఆయనకు పరీక్ష పెట్టొద్దు. అవసరం తీరడం ముఖ్యం. “ఏం కావాలి?” అని అడిగి ఊరుకోకుండా రెండు గ్లాసులు చూపించి “కాఫీయా, మజ్జిగా?” అనండి. వేలు చూపించినా, తల ఊపినా అది జవాబే. హిందీ మాట వస్తే “తెలుగులో చెప్పండి” అనకండి. పానీ అంటే నీళ్లిచ్చి, “నీళ్లు” అని మీరొకసారి అనండి, చాలు. రెండు భాషలు వచ్చినవాళ్ల గురించి హైదరాబాద్ నిమ్స్‌లో 608 మంది స్ట్రోక్ రోగులపై అధ్యయనం చేసి 2016లో ప్రచురించారు. ఒకటికంటే ఎక్కువ భాషలు వచ్చినవాళ్లలో జ్ఞాపకం, ఆలోచనా శక్తి మామూలుగా నిలిచినవాళ్లు 40 శాతం దాకా ఉంటే, ఒక్క భాషే వచ్చినవాళ్లలో 20 శాతం లోపే ఉన్నారు. అఫేసియా మాత్రం రెండు వర్గాల్లోనూ ఒకే స్థాయిలో వచ్చింది. నాన్నగారి హిందీ ఆయనకు అడ్డంకి కాదు, ఇంకో దారి.

డబ్బు, ఓపిక రెండూ ఉండి, అమ్మగారి మనసు నిలవక ఆక్యుపంక్చర్ కూడా చేయిద్దామనుకుంటే, ఈ జాగ్రత్తలతో చేయించండి. మొదట న్యూరాలజిస్ట్‌ను అడగండి. రక్తం పలచబడే మాత్రల్లో తేడాలున్నాయి. ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి అయితే సన్న సూదికి సాధారణంగా పెద్ద ఇబ్బంది ఉండదు. వార్ఫరిన్, అసిట్రోమ్ లాంటివి అయితే రక్తస్రావం భయం ఎక్కువ, రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్ఆర్ రిపోర్టు చూడనిదే సూది వేయించకూడదు. ఏ మాత్రలు వాడుతున్నా నాలుక కింద గుచ్చి రక్తం తీసే పద్ధతికి ఒప్పుకోకండి. సూదులు ఒక్కసారి వాడి పారేసేవే అయి ఉండాలి, మీ కళ్ల ముందే ప్యాకెట్ విప్పాలి. సూదులకు కరెంటు పెట్టే పద్ధతి పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు పనికిరాదు, స్ట్రోక్ తర్వాత ఫిట్స్ వచ్చి ఉంటే ముందే చెప్పాలి. ఛాతీ మీద, వీపు పైభాగంలో లోతుగా పెడితే ఊపిరితిత్తికి రంధ్రం పడే ప్రమాదం ఉంది. అరుదే, కానీ జరిగాయి. మాట కోసం అక్కడ పెట్టాల్సిన పని కూడా లేదు. కుడివైపు స్పర్శ తగ్గి ఉంటే వేడి దీపాలు, కాల్చిన మూలికలతో కాపడం పెట్టించవద్దు. కాలినా ఆయనకు తెలియదు.

ఇంకొకటి, దీన్ని ఎవరూ చెప్పరు. నాన్నగారు “నొప్పి, ఆపండి” అని చెప్పలేరు. పడుకోబెట్టి సూదులు పెట్టి తలుపు వేసి వెళ్లిపోతే ఆయన పరిస్థితి ఏమిటి? ముందే ఇంట్లో ఒక సైగ నేర్పండి. ఎడమ చెయ్యి ఎత్తితే ఆపేయాలి. సూదులు వేసే వ్యక్తికీ ఆ సైగ చెప్పండి. సూదులు ఉన్నంతసేపూ మీలో ఒకరు పక్కన ఉండాలి. అసలు సూదులు పెట్టించుకోవడం ఆయనకు ఇష్టమేనా? బొమ్మ చూపించి, సూది చూపించి అడగండి. ఆయన తల అడ్డంగా ఊపితే ఆ మాట అక్కడితో అయిపోవాలి. మాట పోయిన మనిషి ఒంటి మీద నిర్ణయం ఇంట్లోవాళ్లది అయిపోవడం నేను చాలాసార్లు చూశాను, చూసిన ప్రతిసారీ బాధేసింది.

సూదులు వేసేవాళ్లలో చదువుకున్నవాళ్లను ఎంచుకోండి. ప్రకృతి వైద్యంలో ఐదున్నరేళ్ల బీఎన్‌వైఎస్ డిగ్రీలో ఆక్యుపంక్చర్ ఒక భాగం. వారాంతపు కోర్సు సర్టిఫికెట్లు గోడకు తగిలించుకున్నవాళ్లు వద్దు. స్పీచ్ థెరపిస్ట్ విషయంలోనూ అంతే. బీఏఎస్ఎల్‌పీ లేదా ఎంఏఎస్ఎల్‌పీ చదివి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి. ఆ నంబరు అడగడంలో మొహమాటం వద్దు. రెండో అభిప్రాయం కావాలంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మాట, వినికిడి లోపాలను చూసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. మైసూరులో ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్ ఉంది.

మొదలుపెట్టేముందు ఆ 20 ఫోటోలతో ఒక వీడియో తీయండి. ఏ సాయం లేకుండా ఎన్ని చెప్పారో కాగితం మీద రాసి పెట్టండి. వెస్టర్న్ అఫేసియా బ్యాటరీ అనే పరీక్షకు తెలుగు రూపం ఉంది, మీ థెరపిస్ట్ అది చేసి స్కోరు ఇస్తే ఇంకా మంచిది. ఆరు వారాల తర్వాత మళ్లీ అదే పని చేయండి. వచ్చిన మెరుగుదల సూదుల వల్లా, థెరపీ వల్లా అన్నది దీనితో తేలదు. కానీ మార్పు ఉందో లేదో తేలుతుంది, ఇంట్లో గొడవ తగ్గుతుంది. డబ్బు మొత్తం ముందే కట్టించుకునే ప్యాకేజీలకు ఒప్పుకోకండి. ఏ సిట్టింగుకి ఆ సిట్టింగే కట్టండి.

అత్తయ్యగారి వస కొమ్ము ఆపించండి. ఆవిడ ప్రేమతోనే చేస్తున్నారు, అలాగే నచ్చజెప్పండి. లోపం నాలుకలో లేదు కాబట్టి దానివల్ల మాట రాదు. పైగా స్ట్రోక్ తర్వాత మింగడం సరిగా లేకపోతే తేనె, కషాయం, నీళ్లు ఏవైనా ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా రావచ్చు. నీళ్లు తాగేటప్పుడు ఆయనకు పొలమారుతోందా? తాగాక గొంతు తడిగా, గరగరగా వినిపిస్తోందా? అలా ఉంటే ఈ వారమే మీ స్పీచ్ థెరపిస్ట్‌తో మింగుడు పరీక్ష చేయించండి. అది కూడా వాళ్ల పనే.

ఆయన మనసు కూడా కనిపెట్టండి. స్ట్రోక్ తర్వాత సుమారు ముగ్గురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది. మాట లేనివాళ్లు దాన్ని చెప్పుకోలేరు కూడా. తిండి మానేయడం, గోడవైపు తిరిగి పడుకోవడం, ప్రాక్టీసుకు కూర్చోకపోవడం మొండితనం కాకపోవచ్చు. డాక్టరుకు చెప్తే మందు ఉంది. వారంలో ఒకరోజు కొట్టుకు తీసుకెళ్లి గల్లా దగ్గర కూర్చోబెట్టండి. పాత రైతులకు ముందే చెప్పి ఉంచండి: నెమ్మదిగా, చిన్న మాటల్లో మాట్లాడమని, ఆయన సమాధానం కోసం ఆగమని.

మూతి కొత్తగా వంకర తిరిగినా, చెయ్యి కొత్తగా పడిపోయినా, ఇప్పుడు అర్థమవుతున్న మాటలు హఠాత్తుగా అర్థం కాకపోయినా, వెంటనే 108కి ఫోన్ చేసి సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. గడ్డను కరిగించే ఇంజక్షన్ నాలుగున్నర గంటల్లోపే పడాలి. చివరిసారి ఆయన ఏ టైముకి మామూలుగా ఉన్నారో గుర్తుపెట్టుకుని చెప్పండి, అక్కడ మొదట అడిగేది అదే.